మూసీ గట్టున బుట్టి మిచిగన్ గట్టున స్థిరపడినవారు

మన పాతబస్తీలో హుసేనీ ఆలం వీథిని పైగా ప్రభువగు ఖుర్షీద్ జా దేవిడీ యొకటి కలదు. ఎత్తైన స్తంభములతో పాశ్చాత్య ఫక్కిని గట్టబడిన యా భవనము ఎన్నో యేండ్లు శిథిలావస్థలో నుండెను. 1893 ఫిబ్రవరి మాసమున కాషాయాంబరధారియగు నొక యువసన్న్యాసి హైదరాబాదునకు వచ్చి యా ప్రభువును ఆయన మందిరమున గలిసికొనెను. తాను పడమటి దేశములకు బోయి భారతధర్మమును జాటదలచితినని సన్న్యాసి చెప్పగా, ఆ ముస్లిము ప్రభువు ప్రయాణపు ఖర్చునకై వేయి రూపాయల నిచ్చుటకు అక్కడికక్కడే సిద్ధపడెను. ఇంకను సమయము రాలేదని సన్న్యాసి యా ధనమును స్వీకరింపలేదు. ఆయనయే స్వామి వివేకానందుడు. ఆ నెల 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో సుమారు వేయిమంది యెదుట తన పాశ్చాత్యయాత్రా సంకల్పమును గూర్చి యుపన్యసించి, మే 31వ తేదీన బొంబాయిలో నోడ నెక్కెను. సెప్టెంబరు 11వ తేదీన సర్వమత మహాసభలో ఆయన కంఠము మ్రోగిన నగరము చికాగో.

నాడొక్కడు పోయిన త్రోవను నేడు వేలమంది పోవుచున్నారు. చార్మినారు చుట్టునున్న మొగల్‌పురా, శాలిబండ, యాకుత్‌పురా, దారుల్‌షిఫా మొహల్లాలలో చికాగో యను మాట వినని యిల్లు అరుదు. అది వారికి పటములో వెదకవలసిన పేరు కాదు. అన్నగారున్న యూరు, మేనకోడలి నిచ్చిన యూరు. శీతకాలమున చార్మినారు వద్ద తెల్లవారుజామున అయిదున్నర గంటలైనప్పుడు చికాగోలో ముందటి దినపు సాయంకాలము ఆరు గంటలగును. ఈ లెక్క పాతబస్తీ తల్లులకు కాగితము లేకుండగనే వచ్చును. ఆ ప్రవాసులను గూర్చియు, వారు విడిచిపోయిన వీథులను గూర్చియు, ఈ రెంటి నడుమ నుండవలసిన ఋణానుబంధమును గూర్చియు నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఆ దేశపు ద్వారము మనవారికి సులభముగా దెఱచుకొన్నది కాదు. 1917 నాటి శాసనము ఆసియాఖండమున నధికభాగమును గీత గీసి వేఱుచేసి, ఆ గీతలోని ప్రజలు వలస రాగూడదని నిషేధించెను. అమెరికా సైన్యమున బనిచేసిన భగత్ సింగ్ థింద్ అను పంజాబీ పౌరసత్వము గోరగా, 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము భారతీయుడు శ్వేతజాతీయుడు కాడు గావున అనర్హుడని తీర్పు చెప్పెను. ప్రాణమిచ్చుటకు బనికివచ్చిన దేహము పౌరసత్వమునకు బనికిరాకపోయెను. ఆ సంవత్సరముననే భీమవరమున బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు బోస్టను నగరము జేరెను. వైద్యశాస్త్రమున ఆయన చేసిన కృషివలన లోకమునకు గలిగిన మేలు ఇంతింతయని చెప్పరాదు. అట్టివాడు ఇరువదియైదేండ్లు ఆ దేశమున శ్రమించి, 1948లో న్యూయార్కున గన్నుమూయు నాటికిని ఆ దేశపు పౌరుడు కాలేదు. 1946లో శాసనము కొంత సడలి, యేటికి నూఱుగురు భారతీయులకు బ్రవేశమును, పౌరసత్వము నడుగు హక్కును లభించినవి. సుమారు నలువదికోట్ల జనులకు నూఱు చీట్లు! తుదకు 1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసిన శాసనముతో జాతిని జూచి మనుష్యులను లెక్కించు పద్ధతి పోయి, చదువునకును నైపుణ్యమునకును, అచ్చట స్థిరపడినవారి రక్తబంధువులకును ప్రాధాన్యము గలిగెను. ఆ శాసనము మనపై దయచే బుట్టినది కాదు. నల్లజాతివారు తమ హక్కులకై వీథులలో బడిన దెబ్బలు ఆ దేశపు మనస్సాక్షిని గదల్చిన కాలమది. వారి త్యాగఫలమును మనవారనుభవించుచున్నారని యెఱుగుట కృతజ్ఞుల లక్షణము.

ద్వారము తెఱచినంతమాత్రమున జనులు కదలరు. వెనుకనుండి త్రోయునది కూడ నుండవలెను. పాతబస్తీకి ఆ త్రోపు 1948 సెప్టెంబరులో వచ్చెను. నిరంకుశ ప్రభుత్వము గూలుట న్యాయము. రజాకారుల యాగడములకు బల్లెలు తల్లడిల్లిన మాటయు నిజము. పోలీసు చర్య వెంట జిల్లాలలో జరిగిన హింసను బండిత సుందర్‌లాల్ సంఘము విచారించి నివేదించినదనుటయు, ఆ నివేదిక దీర్ఘకాలము ప్రజల కంటబడలేదనుటయు అంతే నిజము. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1918లో ఉర్దూ మాధ్యమముతో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ తన పీఠమును గోల్పోయెను. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమే మూడు ముక్కలయ్యెను. జాగీర్దారులు తమ పొదుపుతో కొన్నాళ్లు గడపుకొనిరి. కాని ఆ దేవిడీల నీడను బ్రతికిన గుమాస్తాలు, మునిషీలు, చిన్న యుద్యోగులు, వజీఫాదారులు ఎవరిని అడుగవలెను? తండ్రులు చదివిన చదువు కొడుకుల పొట్ట నింపని దినములు వచ్చినవి. కొందఱు కరాచీ పోయిరి; అచ్చట హైదరాబాద్ కాలనీ యని యొక పేటయే వెలసెను. కొందఱు లండను పోయిరి. 1973 తరువాత గల్ఫు దేశముల చమురుధనము వేలమందిని బిలిచెను. ఈ వలసలన్నింటిలో దూరమైనదియు, తిరిగివచ్చుట తక్కువైనదియు అమెరికా వలస.

మొదట వెళ్లినవారు వైద్యులు, ఇంజనీర్లు. 1846లో వైద్యపాఠశాలగా నారంభమైన నేటి ఉస్మానియా వైద్యకళాశాల అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో బీదల నాడి పట్టించి తయారుచేసిన వైద్యులు చికాగో ఆసుపత్రులలో రాత్రి విధులకు గుదిరిరి. ప్రజాధనముతో నేర్పిన విద్య పరదేశమునకు దానమయ్యెనని యేడ్చుట యొక వంక. అచ్చటి జీతముతో ఇచ్చట నలుగురు చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవనుట మఱియొక వంక. రెండును సత్యములే. పిమ్మట ఆ వైద్యులు పౌరులై తమ తోబుట్టువులకై దరఖాస్తులు పెట్టిరి. అట్లు వెళ్లిన తమ్ములందఱు వైద్యులు కారు. ఇచ్చట కచ్చేరిలో గుమాస్తాగా నుండినవాడు అచ్చట టాక్సీ నడపెను. ఉపాధ్యాయుడు కిరాణాకొట్టులో బస్తాలు మోసెను. పరదా వీడి బజారునకు రాని యిల్లాలు అచ్చట కర్మాగారమున వరుసలో నిలిచి పనిచేసెను. మిచిగన్ సరస్సు మీదుగా వీచు మంచుగాలిలో తెల్లవారుజామున బస్సునకై నిలిచిన యా మనుష్యుల శ్రమను జూడక, వారు పంపిన ఫోటోలోని మోటారుకారును మాత్రమే చూచి మనవారు మురిసిరి. దూరపు కొండలు నునుపు. 1990 నాటి శాసనముతో సాంకేతిక నిపుణులకును, వారి వెంట వేలకొలది విద్యార్థులకును దారి ఏర్పడినది. 2020 జనాభా లెక్కలలో ఆ దేశమున భారతీయ సంతతివారు సుమారు 44 లక్షలని తేలినది.

చికాగో నగరపు టుత్తరభాగమున డెవాన్ అవెన్యూ యను రాజవీథి యున్నది. ఒకప్పు డచ్చట యూదుల అంగళ్లు సాగుచుండెను. 1970 దరిదాపుల వారు శివార్లకు గదలుచుండగా మన చీరల దుకాణములు, పచారీ కొట్లు వెలసినవి. నేడు దేశమంతట శాఖలున్న పటేల్ బ్రదర్సు వారి మొదటి యంగడి 1974లో ఆ వీథిని దెఱవబడినదే. ఆ వీథిలో నొక భాగమునకు నగరమువారు గాంధీ మార్గమని గౌరవనామ మిచ్చిరి. మఱియొక భాగమునకు మహమ్మదాలీ జిన్నా పేరు పెట్టిరి. ఇంకొక భాగమునకు ఇజ్రాయేలు ప్రధానిగా నుండిన గోల్డా మేయిర్ పేరు. ఇచ్చట నొక పటమున బట్టని మూడు పేరులు అచ్చట నొక వీథిలో నిమిడినవి. గుజరాతీ వర్తకుని యొద్ద పాకిస్తానీ బియ్యము కొనును. పాకిస్తానీ కసాయి యొద్ద హైదరాబాదీ మాంసము కొనును. ధర్మోపన్యాసములు చేయలేని పనిని ఇరుగుపొరుగు బేరము చేయుచున్నది. దేశవిభజనలో జరిగిన గాయము మానినదని మే మనము. కాని పొట్టకూటికై పరదేశమున సాధ్యమైన సహనము, పుట్టిన గడ్డపై ఏల కష్టమగుచున్నదో పాతబస్తీ కర్ఫ్యూలు చూచినవారు తమలో దాము విచారించుకొనవలెను.

ఆ వీథిలో హైదరాబాదీని పేరడుగకయే గుర్తింపవచ్చును. ఉత్తరాదివాడు "నహీ" యనుచోట నతడు "నక్కో" యనును. "హా" యనుచోట "హౌ" యనును. అతని పప్పులో చింతపండు పులుపుండును. మాంసములో గోంగూర యుండును, పేరు మాత్రము అంబాడా. మిరపకాయల సాలను, బఘారా వంకాయ లేనిది వారికి విందు కాదు. 2010లో భౌగోళిక గుర్తింపు బడసిన హలీము రంజాను మాసమున వారికి మదీనా చౌరస్తాను దలపునకు దెచ్చును. ఈ పులుపు లక్నోది కాదు, ఢిల్లీది కాదు. ఇది దక్కనుది, మన తెలుగునేలది. చింతచెట్టును, గోంగూరమడిని తన జిహ్వపై మోసికొని పోయినవాడు ఈ నేలబిడ్డ కాడని యెవరనగలరు?

ఇంతవఱకు జెప్పినది వెళ్లినవారి కథ. వెళ్లలేక, ఉండలేక నిలిచినవారి కథ వేఱు. మొన్న నొకనాడు మొగల్‌పురాలో నొక పాతయింటికి బోయితిమి. ఇల్లు పెద్దది, ఆఱు గదులకు దాళములు, రెండు గదులలో కాపురము. ఎనుబదియేండ్ల వృద్ధుడు మాకు చాయ్ ఇప్పించి, యినుపపెట్టె నుండి యొక దస్త్రమును దీసెను. చికాగోలోని యన్నగారు పెట్టిన దరఖాస్తు అది. అన్నదమ్ముల వంతు వచ్చుటకు మనదేశమువారు పదునైదేండ్లకు బైగా వేచియుండవలసి యున్నది. దరఖాస్తు పెట్టిననాడు ఆయన కొడుకు బడిపిల్లవాడు. వంతు వచ్చునప్పటికి ఇరువదియొకటవ యేడు దాటెను. ఆ వయస్సు దాటిన బిడ్డ తండ్రి చీటిపై రాగూడదని అచ్చటి చట్టము. "అన్నను జూడవలెనన్న కొడుకును విడువవలె, కొడుకు నొద్ద నుండవలెనన్న అన్నను మఱువవలె. ఏమి చేయమందురు, సాబ్?" అని యా పెద్దాయన యడిగెను. మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆయన పోలేదు. రెండేండ్ల క్రిందట అన్నగారు చికాగోలో గతించిరి. ఖననమును ఈ గదిలో గూర్చుండి కొడుకు చేతి ఫోనులో జూచితినని చెప్పి, ఆయన దస్త్రమును మఱల పెట్టెలో బెట్టెను. పారవేయలేదేమని మేమడుగలేదు.

పాతబస్తీలో నిట్టి పెట్టెలు ఎన్ని యున్నవో! తాళములు పడిన గదులు కూలును; కూలినచోట నాలుగంతస్తుల సిమెంటు కట్టడము లేచును; వాటాదారుల సంతకములు మూడు ఖండములనుండి వచ్చును. తాతగారి దేవిడీ యొక దస్తావేజుగా మాఱి చేతులు మాఱును. కట్టడముతోబాటు పొరుగును బోవును. బండివాడు, పాలవాడు, కుట్టుపనివాడు ఆ పెద్దయిండ్లను నమ్ముకొని బ్రతికినవారే. ఇల్లు వలసపోయినపుడు వీథి బీదయగును. దీనికితోడు "అమెరికా సంబంధము" పేర కన్నవారు చేయు నప్పులు, దళారులు చేయు మోసములు, పెండ్లియాడి కొన్ని మాసములకే విడువబడిన యాడుబిడ్డల కన్నీళ్లు చెప్పిన తఱుగవు.

మఱియొక సంగతి మాకు మిక్కిలి బాధాకరముగా దోచినది. చికాగో పరిసరములలో తెలుగువారును గలరు. అరోరా పట్టణమున శ్రీవేంకటేశ్వరుని యాలయమును, లెమాంటున రామాలయమును 1986లో వెలసినవి. తెలుగు సంఘములు ఉగాది జరుపును; పాతబస్తీవారు ముషాయిరాలు జరుపుదురు. ఒకే రాజధానీ నగరపు బిడ్డలు. ఒకరికి "తెలుగు" అని పేరు, ఒకరికి "హైదరాబాదీ" యని పేరు. ఇచ్చట నడుమ మూసీనది యున్నది. అచ్చట నడుమ నేమున్నది? పురానాపూలు 1578లో గట్టబడినది. నాలుగున్నర శతాబ్దములకు దగ్గఱగా మూసీ రెండు గట్టులను గలిపినది. మనసులకు మాత్ర మట్టి వంతెన నేటికిని అరగట్టుగనే యున్నది. పదుమూడువేల కిలోమీటర్లు దాటి పోయినవారు కూడ ఈ గట్టుల భేదమును మూటగట్టుకొని పోవలెనా? ఇతరులు మనలను గలిపియే చూచుచున్నారు. 1964లో హైదరాబాదున బుట్టిన ఇరువురు స్త్రీలను దలపుడు. తెలుగింట బుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండు రాష్ట్రమునకు ఉపగవర్నరైరి. ముస్లిము కుటుంబమున బుట్టిన గజాలా హష్మీ 2019లో వర్జీనియా సెనేటునకును, 2025లో ఆ రాష్ట్రపు ఉపగవర్నరు పదవికిని ఎన్నికైరి. అచ్చటి యోటర్లు వారిని మూసీకి ఏ గట్టున బుట్టితిరని యడుగలేదు.

దేశాభిమానులలో గొందఱు, వెళ్లినవారిని జన్మభూమి విడిచిన కృతఘ్నులందురు. ఈ మాటను మేమంగీకరింపము. ఉన్నచోట అన్నము, గౌరవము, నిర్భయము లేనపుడు మనుష్యుడు కదలుట నేరము కాదు. నేరము గలదేని, ఆ మూటిని సమకూర్పలేని వ్యవస్థది. ప్రవాసమే ద్రోహమైన, దక్షిణాఫ్రికాలో ఇరువదియేండ్లకు బైగా నున్న గాంధీమహాత్ము నేమనవలెను? ఆయన 1915 జనవరి 9వ తేదీన స్వదేశమునకు దిరిగివచ్చిన దినమునే మన ప్రభుత్వము ప్రవాసభారతీయ దినముగా నేర్పఱచినది. అట్లని వెళ్లినవారందఱు మహాత్ములని, డాలరులే దేశసేవయని పొగడు భట్రాజులతోను మాకు బొందు లేదు. పొగడ్తయు తిట్టును రెండును వారిని మనుష్యులుగా జూడని దృష్టినుండి పుట్టినవే.

2006 జనవరిలో ఆ ప్రవాస దినోత్సవము ఈ నగరముననే జరిగినది. పరదేశ పౌరులైన భారతీయసంతతివారికి "విదేశీ భారత పౌరసత్వ" పత్రములు మొట్టమొదట పంచబడినది ఇచ్చటనే. పేరున పౌరసత్వమున్నను అందు వోటు లేదు, పొలము కొను హక్కు లేదు. మన రాజ్యాంగపు 9వ అధికరణము ప్రకారము రెండు దేశముల పౌరసత్వము చెల్లదు గదా. పరదేశమున నున్నను భారతపౌరులుగనే మిగిలినవారికి 2010 నాటి శాసనము వోటు నిచ్చినది. కాని వోటువేయుటకు స్వయముగా బోలింగు కేంద్రమునకు రావలెను. టాక్సీ నడుపువాడు వోటుకై సముద్రము దాటి వచ్చునా? ప్రభుత్వము ప్రవాసుల పెట్టుబడిని బిలుచునపుడు చూపు నుత్సాహమును వారి హక్కుల విషయమున గూడ జూపవలెనని మా మనవి.

చికాగోలోని మన సోదరీసోదరులకు మేము చెప్పదలచినది స్వల్పము. మీరు పుట్టిన మొహల్లాను సంవత్సరమున కొకసారి పెండ్లికి వచ్చి ఫోటో తీసికొను వింతప్రదేశముగా జేయకుడు. పెండ్లిలో నొకరాత్రి దీపములకగు ఖర్చు మీరు చదివిన సర్కారు బడికి ఏడాది పుస్తకములగును. అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో జదువుకొన్న వైద్యులారా, ఆ రోగులు మీ మొదటి గురువులు. ఏటికొక మాసము వచ్చి వారి నాడి పట్టుడు. తాతల యిల్లు అమ్మక తప్పదేని అమ్ముడు. కాని అందలి వ్రాతప్రతులను, దస్త్రములను పాతకాగితముల వానికి దూకము వేయకుడు. అవి మీ వంశమునకే కాక యీ దక్కనునకును చరిత్ర. మీ బిడ్డలకు ఉర్దూ లిపి నేర్పుడు. తెలుగునేల పేరును చెప్పుడు. అరోరా యాలయమునకు వచ్చువారిని మీ యిఫ్తారునకు బిలువుడు. వారు మిమ్ము ఉగాదిపచ్చడికి బిలువకున్న వారిని మేము కోపింతుము. ఆ పచ్చడిలోని పులుపును మీ ఖట్టీదాలులోని పులుపును ఒకే చెట్టువి.

ఇచ్చటివారికిని మామాట యొకటి. పోయినవానికై యెదురుచూచుటయే జీవితముగా జేసికొన్న కుటుంబము, వీథి, నగరము ముందునకు సాగలేవు. పిల్లవానిని చదివించునది వీసా కొఱకని మొదటిదినమే చెప్పుచున్నాము. ఇంక వాడీ వీథిని తనదని యెట్లు తలచును? పోదలచినవానిని నవ్వుచు బంపుదము. ఉండదలచినవాడు తెలివితక్కువవాడని చూచు చూపును మాత్రము మానుకొందము.

పైగా ప్రభువొకడు బేగంపేటలో గట్టించిన భవనము 2008 నుండి 2023 వఱకు అమెరికా కాన్సలేటుగా నుండెను. ప్రవేశపత్రములకై మన యువకులు వరుసలో నిలిచిన గుమ్మమది. అంతకు నూటపదునైదేండ్ల ముందు, మఱియొక పైగా ప్రభువు అన్యమతస్థుడగు నొక సన్న్యాసికి అదే దేశమునకు బోవుటకై, ఏ పత్రమును అడుగక, వేయి రూపాయలు చేత బట్టుకొని నిలిచెను. ఆ రూపాయలు నాడు ఖర్చు కాలేదు. ఇవ్వదలచి యిచ్చిన మాట యీ నగరపు పద్దులో జమగనే యున్నది. మిచిగన్ గట్టున స్థిరపడినవారు ఆ పద్దును విప్పి చూచి, తమ పొరుగువాని మేలునకై ఖర్చు వ్రాయుదురుగాక.